ఇంటి వ్యానుకి గ్యాస్ బండ

మా ఆయన ముప్పయ్యేళ్ళు లారీ తోలాడు. సాలూరులో లోడెత్తాడంటే మళ్ళీ ఎప్పుడు గుమ్మం తొక్కుతాడో దేవుడికే తెలియాలి. ఆయన చూడని ఊరు లేదు. నేను చూసినవి పుట్టిన పాతపట్నం, మెట్టిన సాలూరు, కాన్పుకి వెళ్ళిన విజయనగరం ఆసుపత్రి గోడలు. "ఈ పాలి నిన్ను కూడా తీసుకెల్తానే" అన్న మాట మాత్రం పెళ్ళయిన ఏడాది నుంచీ వింటూనే ఉన్నాను.

లారీ అమ్మేశాక ఆయన ఒక పాత మినీ బస్సు కొన్నాడు. సీట్లన్నీ పీకించి, మా ఊరి బాడీ షెడ్డులో దానికి మంచం, అలమారలు, వంటగట్టు, చిన్న సింకు పెట్టించడం మొదలుపెట్టాడు. కాశీ దాకా వండుకుతింటూ పోదాం, ఎక్కడ నిద్రొస్తే అక్కడ ఆపి పడుకుందాం అన్నాడు. నేను నమ్మాను. నా చెప్పు తీసి నన్ను నేనే కొట్టుకోవాలి.

ఇక్కడ నా ముక్కు సంగతి చెప్పాలి. ఆ మాయదారి జ్వరం ఊరంతా తిరిగిన రోజుల్లో నాకూ వచ్చింది. జ్వరం పోయింది, దాంతోపాటు వాసన కూడా పోయింది. మళ్ళీ రాలేదు. పాలు మాడినా తెలీదు, పప్పు పులిసినా తెలీదు, మల్లెపూలు తల్లో పెట్టుకున్నా కాగితప్పూలు పెట్టుకున్నా నాకు ఒకటే. ఇంట్లో ఈ మాట ఒక్కరే నమ్మారు. మా వదిన, అంటే మా ఆయన అక్క. పిల్లల్లేరు, మొగుడు పోయాడు, మా ఇంట్లోనే ఉంటుంది. నేను వండుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని "ఒసే, అడుగంటతన్నాది సూడు" అని చెప్పేది. మా ఆయన మాత్రం నవ్వేవాడు. "వంట తప్పించుకోడానికి ఇదో యేసం. ముక్కు ముకంమీదే ఉంది కదే, ఏటి రాదు వాసన?" అని వచ్చినవాళ్ళందరి ముందూ అనేవాడు. వాళ్ళూ నవ్వేవాళ్ళు. నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

వ్యానులో చివరికి మిగిలిన పని గ్యాస్ బండ. మా ఆయన ముందు ఇంట్లో ఉన్న ఎర్ర బండనే మోయించుకొచ్చాడు. అది మంచం కింద అరలో నిలబడలేదు. నిలబడకపోతే ఏం, పడుకోబెడదాం అన్నాడు. "నెలాకరికి మంట తగ్గితే నువ్వు బండని పడేసి దొర్లించవా? అప్పుడు మండతాది కదా, ఇప్పుడెందుకు మండదు?" అని నా మీదకే తిప్పాడు. నిజమే, మా వైపు అందరం చేసే పనే అది. మంట చిన్నదైతే బండని పక్కకి పడుకోబెట్టి ఇటూ అటూ దొర్లిస్తాం, ఇంకో రెండు పూటలు అన్నం ఉడుకుతుంది. కానీ అది ఖాళీ బండకి చేసే పని. ఓసారి సగం ఉన్న బండతో అలా చేస్తే మంట భగ్గుమని లేచి నా కనుబొమ్మలు కాలాయి. షెడ్డు మేస్త్రీ తల పట్టుకున్నాడు. "బాబూ, నిండు బండని పడుకోబెడితే గ్యాసు రాదు, నీల్లలాగ ద్రవం ఒస్తాది. టాపు అంటుకుంటాది. పైగా ఇంటి బండ బండిలో ఎట్టకూడదు, ఆపితే కేసు" అన్నాడు.

సరే, హోటళ్ళవాళ్ళు వాడే పొడుగు నీలం బండ చూశాం. దాన్ని ఇద్దరు మోస్తే గానీ కదలదు. తర్వాత ఒక దుకాణంలో కొత్తరకం తేలిక బండ చూపించారు. వెలుగుకి ఎదురుగా పెడితే లోపల గ్యాసు ఎంత ఉందో కనిపిస్తుంది. నాకు దాని మీద మనసు పడింది, ఒక్క చేత్తో ఎత్తాను కూడా. కానీ దారిలో ఖాళీ అయితే ప్రతి ఊళ్ళో మార్చి ఇస్తారా అంటే దుకాణంవాడు నీళ్ళు నమిలాడు. ఆఖరికి ఐదు కిలోల బుల్లి బండలు రెండు తీసుకున్నాం. ఒకటి అయిపోతే ఇంకోటి, ఖాళీది కిరాణా కొట్లో కూడా మార్చుకోవచ్చు. నిటారుగా నిలబడతాయి. ఇంతవరకూ మొగుడూ పెళ్ళాలకి బాగానే కుదిరింది.

ఆ రెండు బండలూ ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర చెడింది. నేను ఒకటే అడిగాను. లోపలికి దారి లేకుండా, వ్యాను పక్కన బయటికి తెరుచుకునే చిన్న తలుపుతో ఒక పెట్టె కావాలి. గ్యాసు బరువు, కిందికి దిగుతుంది కాబట్టి దాని అడుగున కన్నాలు ఉండాలి. కారినా రోడ్డు మీదకి పోతుంది, నా మంచం కిందకి రాదు. అందరికీ ముక్కు కాపలా కాస్తుంది, నాకు ఆ కాపలా లేదు. మేస్త్రీ వెంటనే "అమ్మ సెప్పిందే రైటు బాబూ" అన్నాడు.

అలా చెయ్యాలంటే వ్యాను ఎడమ పక్క రేకు కొయ్యాలి. ఆ రేకు మీద మా ఆయన పెయింటరుని నాలుగు రోజులు కూర్చోబెట్టి పెద్ద తామరపువ్వు, దానికి అటూ ఇటూ రెండు హంసలు వేయించాడు. వచ్చే పోయే లారీవాళ్ళు ఆగి చూసేవారు. ఆయన ఆ పువ్వు దగ్గర నిలబడి మీసం దువ్వుకునేవాడు.

"దీన్ని కొయ్యడమా? నా సెయ్యి కోసుకోమను, కోసుకుంటాను" అన్నాడు.

"పోనీ గ్యాసు కారితే కూతపెట్టే మిషను దొరుకుతాదండీ, అదైనా ఎట్టండి" అన్నాడు మేస్త్రీ.

"ఇంట్లో ఒక మోత సాలదా?" అని నన్ను చూపించి నవ్వాడు మా ఆయన. బండలు మంచం కిందే పెట్టించాడు.

రెండు రోజుల తర్వాత నన్ను షెడ్డుకి తీసుకెళ్ళాడు. పొయ్యి బిగించారు, పరుపు వేశారు, కూర్చుని ఎలా ఉందో చెప్పమన్నాడు. "బైట రంగింకా ఆరలేదు, కిటికీలు తియ్యకు, తలుపు నానే ఏస్తాను" అన్నాడు. నాకు అనుమానం రాలేదు. ఆ పరుపు మీద కూర్చుంటే నా ఆనందం ఏమని చెప్పను! ఆవకాయ జాడీ ఇక్కడ, బియ్యం డబ్బా అక్కడ అని సర్దేసుకున్నాను మనసులోనే. పక్క షెడ్డులో ఇనుము కోస్తున్న మోత తప్ప ఏమీ వినబడటం లేదు. కొత్త ఇంట్లో ముందు పాలు పొంగించాలి కదా అని నేను సంచిలో పాల ప్యాకెట్టు, గిన్నె తెచ్చుకున్నాను. మంచిరోజు చూసి పొంగిద్దాం అన్నాడు ఆయన. ఇంతకన్నా మంచిరోజు నాకేముంది అనుకుని లేచి, గిన్నెలో పాలు పోసి, ఎడమ పొయ్యి మీద పెట్టి, లైటరు చేతిలోకి తీసుకున్నాను.

తలుపు ఫెళ్ళున తెరుచుకుంది. మా వదిన. మాకు అన్నం క్యారేజీ పట్టుకొచ్చినట్టుంది, క్యారేజీ కింద పడి దొర్లుతోంది. "ఓలమ్మో, గ్యాసే! ఒగ్గెయ్యే అది, ఒగ్గెయ్!" అని అరుస్తూ నా జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చింది. మోకాళ్ళ మీద పడ్డాను. తలెత్తి చూస్తే మా ఆయన తామరపువ్వు పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను, అందులో టైము చూసుకుంటున్నాడు.

కుడి పొయ్యి నాబు తిప్పి వదిలింది ఆయనే.

"పదకొండు నిమిసాలు కూకుందక్కా! నిజంగానే దీనికి వాసన్రాదు" అన్నాడు, పెద్ద విషయం కనిపెట్టినట్టు. "నానిక్కడే ఉన్నాను కదా, ఏటవుతాది? ఇంకో నిమిసంలో నానే తీద్దును. ఇది పొయ్యి ఎలిగిస్తాదని నాకేటి తెలుసు?"

వదిన తమ్ముడి చెంప మీద ఒకటి ఇచ్చింది. అరవై దాటిన మనిషిని, మేస్త్రీ ముందు. ఆయన చెంప రుద్దుకుని నవ్వాడు. నాకు ఏడుపు రాలేదు. నేను చచ్చిపోయేదాన్ని అన్న దానికన్నా, ఆ పదకొండు నిమిషాలూ నేను లోపల ఎంత సంతోషంగా ఉన్నానో తల్చుకుంటే ఎక్కువ సిగ్గేసింది.

ఇప్పుడైనా రేకు కోయిస్తాడనుకున్నాను. మర్నాడు అన్నం ముందు కూర్చుని తీర్పు చెప్పాడు. "వాసన్రాని మనిసిని గ్యాసుతో పెట్టుకుని అన్ని వందల మైళ్ళు ఎలా పోతాం? పేనాలు పోతాయి. అక్క వస్తాది. దానికి తలుపవతలకే వాసనొచ్చింది, వంటా అదే సేస్తాది. నువ్వు ఇంటికాడ ఉండు." నా ప్రాణం మీద దయతోనే అన్నట్టు అన్నాడు. తామరపువ్వు చెక్కుచెదరలేదు.

"దాన్నొగ్గేసి నానెలగ వస్తాన్రా?" అంది వదిన. కానీ కాశీ అన్న మాట విన్నాక ఆవిడ ముఖం నేను చూశాను. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆ పేరు తప్ప ఆవిడకు ఇంకో కోరిక లేదు. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి చిన్నపిల్లలా అడిగింది, "ఎల్లనా అమ్మీ?" అని. "ఎళ్ళు" అన్నాను. ఇంకేమంటాను? నన్ను బతికించిన మనిషి.

బయల్దేరే రోజు వచ్చింది. పొద్దున్నే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. వదిన ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. అప్పుడు మా ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఒసే, నీల్ల బిందె ఎత్తుకుని ఎదురురా. ముత్తయిదువ్వి నువ్వొక్కత్తివే ఉన్నావు. నవ్వుతూ రా, ఏడుపు ముకం పెట్టకు" అన్నాడు.

నన్ను వదిలేసి వెళ్తున్న బండికి నేనే శకునం రావాలట. ఒళ్ళంతా కారం పూసినట్టయింది. "వస్తన్నాను మావా, బిందె నింపుకుని" అన్నాను.

నింపుకుని వచ్చాను. నవ్వుతూనే వచ్చాను. సరిగ్గా బండి ముందుకి రాగానే తుమ్మాను. బిందెలో నీళ్ళు తొణికి నా మీద పడ్డాయి. మా వైపు రెండు తుమ్మితే దోషం లేదంటారు, ఒకటి తుమ్మితేనే కీడు. రెండోది తోసుకొస్తుంటే ముక్కు గట్టిగా నొక్కిపట్టాను.

వదిన ముఖం పాలిపోయింది. మూట పట్టుకుని దిగింది. "కాసేపు కూకుని, మంచినీల్లు తాగి ఎల్దాం అక్కా" అని తమ్ముడు ఎంత బతిమాలినా ఎక్కలేదు. ముత్తయిదువ ఎదురొచ్చి తుమ్మితే కాశీ తనని వద్దన్నట్టేనంది.

"కావాలనే తుమ్మినావే నువ్వు!" అని ఆయన నా మీదకి వచ్చాడు.

"ముక్కు ముకంమీదే ఉంది కదా, తుమ్మింది. నిజమో యేసమో మళ్ళీ పరీచ్చ సేసుకో" అన్నాను వీధిలో అందరి ముందూ. ఈసారి జనం ఆయన్ని చూసి నవ్వారు. నాకు చల్లగా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా చల్లగా అనిపించింది.

ఆ చలవ సాయంత్రానికి లేదు. వదిన కట్టుకున్న మూట విప్పి, కాశీలో కట్టుకుందామని పెట్టుకున్న తెల్లచీర మళ్ళీ పెట్టె అడుగున సర్దుతోంది. నేను కొట్టింది ఆయన్ని అనుకున్నాను, తగిలింది ఆవిడకి. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు అడిగినా ఆవిడ ఎక్కలేదు. నన్ను రమ్మని ఆయన అడగలేదు. వ్యాను పరదా కప్పుకుని వాకిట్లో ఉంది.

"నీ తుమ్ముదేటుందే, నా రాతే అంత" అంటుంది వదిన, నేను మొహం దించుకున్నప్పుడల్లా. బిందె ఎత్తుకునే ముందు పెరట్లో చీర కొంగు పోగు తెంపి, ఒత్తిలా మెలిపెట్టి, ముక్కులో తిప్పుకున్నానని ఆవిడకు చెప్పాలి. చెబితే చీర మళ్ళీ పైకి తీస్తుంది, తమ్ముడితో కాశీ వెళ్తుంది. చాలాసార్లు నోటిదాకా వచ్చింది. కానీ చెప్పిన రోజున ఆయన ఊరందర్నీ పిలిచి అంటాడు, చూశారా, దీని తుమ్మూ వేషమే, వాసన రాదన్నదీ వేషమే అని. ఆ ఒక్క మాట ఆయన నోట అనిపించుకోలేను. అందుకని వదిన కాశీ చూడకపోయినా సరేనని ఊరుకున్నాను.