బోర్డు మీద లేని స్క్రూడ్రైవరు

శ్రీకాకుళంలో స్థిరపడ్డాక వీధివాళ్లు నాకిచ్చిన బిరుదు 'మిలటరీ మావ'. ఆ బిరుదు పుణ్యమా అని పాడైన ప్రతి వస్తువూ మా గుమ్మంలోకే వస్తుంది. మిక్సీ, ఇస్త్రీపెట్టె, పక్కింటివాళ్ల నీళ్ల మోటారు. ముట్టుకోనంటే మొహం చిట్లిస్తారు. "జెట్టు ఇమానాలు బాగుసేసినోడివి, మిక్సీ రాదేటి మావా?" అని ఒకటే సతాయింపు. రాక కాదు. ఇంట్లో పనిముట్టు పట్టనని ఉద్యోగంలో ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను.

మా నాన్నది పాతపట్నంలో సైకిల్ షాపు. నేను ఎయిర్‌ఫోర్సులో చేరి, ట్రైనింగు ముగిసి, యుద్ధవిమానాల దగ్గర పనికి వెళ్లబోతుంటే తన స్క్రూడ్రైవరు తెచ్చి చేతిలో పెట్టాడు. చెక్క పిడి, దానికి ఎర్ర టేపు చుట్టి ఉండేది. "సర్కారోళ్ల సామాను నీ సేతికి అలవాటవదురా, ఇది ఉంచుకో" అన్నాడు.

విమానాలు బాగుచేసే హేంగరులో సొంత పనిముట్టు వాడడం నేరం. అక్కడ బోర్డు మీద ప్రతి స్పానరుకీ, ప్రతి స్క్రూడ్రైవరుకీ దాని ఆకారం గీసి ఉంటుంది. పని కాగానే ఎక్కడివక్కడ తగిలించాలి. ఒక్క ఖాళీ కనిపించినా విమానం కదలదు. లోపల మరిచిపోయిన చిన్న ముక్క చాలు, గాల్లో పైలట్ చేతిలో కంట్రోలు బిగుసుకుపోవడానికి. ఇదంతా తెలిసీ నాన్న స్క్రూడ్రైవరు జేబులో వేసుకు తిరిగేవాణ్ణి. నిజంగానే చేతికి బాగా అమిరేది మరి.

పెళ్లయి మా ఆవిడ క్వార్టర్సుకి వచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం పని ముగించి జేబు తడుముకుంటే అది లేదు. బోర్డు మాత్రం నిండుగా ఉంది. సార్జెంటు సంతకం పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే విమానం ఎగరాలి. మధ్యాహ్నం ఇంటికెళ్లి భోజనం చేసి వచ్చాక కూడా దానితోనే విమానానికి ఒక మూత బిగించాననుకున్నాను. పోయిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుందనుకుంటూ సైకిల్ దాకా నడిచి తాళం తీశాను. మళ్లీ వేసి, వెనక్కి వెళ్లి చెప్పేశాను.

సార్జెంటు తిట్లు పాతపట్నం దాకా వినపడి ఉంటాయి. మూడు రోజులు, మా జట్టు జట్టంతా, ఆ ఎండలో మూతలన్నీ విప్పి, టార్చీలూ అద్దాలూ పెట్టి వెతికాం. దొరకలేదు. లోపల లేదని తేల్చి కాగితాలు రాసేశారు. నా ప్రమోషను ఆగిపోయింది. నాలుగో రోజు పైలట్, నా ఈడువాడే, విమానం ఎక్కబోతూ ఆగి అడిగాడు.

"లోపల ఉందంటావా?"

"తెలియదు సార్" అన్నాను. లేదనడానికి నోరు రాలేదు.

ఆయన నా వంక చూసి ఎక్కేశాడు. విమానం దిగేదాకా రన్‌వే వైపే చూస్తూ నిలబడ్డాను. నాకు బదిలీ అయ్యేదాకా, అది ఎగిరిన ప్రతిసారీ అదే భయం, అదే నిలబడడం.

ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. డ్యూటీ సంగతులు డ్యూటీలోనే అని నా పట్టింపు. ఆ తర్వాత ఇంట్లో ఏది ఊడినా, ఏది విరిగినా నేను చెయ్యి పెట్టలేదు.

పోయిన నెల మా ఆవిడ కుక్కరు పట్టుకుని హాల్లోకి వచ్చింది. మేనమామ కూతురే, నన్ను బావా అనే పిలుస్తుంది.

"బావా, పిడి ఊగిపోతన్నాది. నొప్పితో నా సెయ్యి తిరగట్లేదు, ఈ ఒక్కపాలి నువ్వు బిగించు" అంటూ బిస్కెట్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తీసి ఇచ్చింది. ఎర్ర టేపు నల్లబడిపోయింది.

"ఇదెక్కడిది?"

"నీదే. కాపరానికొచ్చిన కొత్తలో నువ్వు అన్నానికొచ్చినప్పుడు జేబులోంచి తీసినాను. పిడి బిగించమని ఎన్నిసార్లు సెప్పినా ఇన్నావేటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. మూడు రోజుల ఎండ, పోయిన ప్రమోషను, ఇన్నేళ్ల బెంగ, అంతా ఏకరువు పెట్టాను. ఆమె గుమ్మానికి ఆనుకుని చివరిదాకా విన్నది.

"ఆ రోజు ఇంటికొచ్చి అడిగుంటే ఇచ్చేద్దును కదా బావా."

పిడి బిగించి ఇచ్చాను. ఆ పైలట్ ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. తెలిస్తే ఫోను చేసి ఒక్క మాట చెబుదును. లేదు సార్, లోపల లేదు.