వెడల్పు టైర్ల సత్తెమ్మ

కొత్తవాడ జంపఖానాల నేతకారిణి, మా ఆదివారపు సైకిల్ జట్టుకు పెద్దదిక్కు, నాకు అత్తగారు అయిన శ్రీమతి సత్యమ్మ గారు, జట్టులో అందరికీ సత్తెమ్మ, ఇక లేరు. పదిహేను రోజుల కింద, ఒక బుధవారం ఉదయం, కళాశాలలో పాఠం చెబుతుండగా మా ఆయన శ్రీధర్ నుంచి వరుసగా మూడుసార్లు ఫోన్ వచ్చింది. నాలుగోసారి తీశాను. ఆయన "అమ్మ" అని ఫోన్ పక్కకు ఇచ్చేశాడు. పక్కింటివారెవరో ఫోన్ అందుకొని, "మేడం, అమ్మను దవాఖానకు తీస్కపోయినం. జర తొందరగ రాండ్రి" అన్నారు. నేను వెళ్లేసరికే ఆ గుండె నిలిచిపోయింది. అరవై ఆరేళ్ల జీవితంలో ఒక్కనాడూ మంచం పట్టని మనిషి, అంతకు మూడు రోజుల ముందే నా టైరులో గాలి ఎక్కువుందని నడిరోడ్డు మీద తగవులాడిన మనిషి, తెల్లని దుప్పటి కింద నిశ్చలంగా పడుకొని ఉంది. నేను దిగ్భ్రాంతితో నిలబడిపోయాను. ఏడుపు ఆ రోజు రాలేదు.

ఈ నాలుగు మాటలూ రాయమని జట్టు మిత్రులు కోరారు. తెలుగు అధ్యాపకురాలిని కనుక ఆ భారం నా మీద పడింది. అప్పుడప్పుడు పత్రికల్లో వచ్చే నా వ్యాసాలను ఆమె శ్రద్ధగా చదివించుకొని వినేది. చివర్లో, "మస్తుగుంటది గని బిడ్డా, నాకు ఒక్క ముక్క సమజ్ కాదు" అనేది. ఈసారైనా ఆమెకు అర్థమయ్యేలా రాయాలని కూర్చున్నాను. కానీ గౌరవం పొంగివచ్చినప్పుడల్లా నా కలం పెద్ద మాటల్లోకే జారుతున్నది. ఆ అలవాటును ఆమె క్షమించినట్టే పాఠకులూ క్షమించాలి.

నలభై ఏళ్లకు పైగా గుంటమగ్గంలో కూర్చొని నేసిన శ్రమ అంతా ఆమె మోకాళ్లలో నిక్షిప్తమై ఉండేది. మామగారు పోయాక మగ్గం పని తగ్గించింది. పని తగ్గిన కొద్దీ నొప్పి పెరిగింది. కాళ్లు ఆడిస్తూ ఉండాలని డాక్టర్ చెప్పడంతో శ్రీధర్ ఇంట్లోనే తొక్కే వ్యాయామ సైకిల్ తెచ్చి పెట్టాడు. ఆమె రెండు రోజులు తొక్కింది. మూడో రోజు దిగి, "గంట సేపు తొక్కిన. దిగి చూస్తె గీ అర్రలనే ఉన్న. ఎటన్న పోయేది కావాలె" అన్నది. అంతకు ముందు ఏడాది మా ఆయన మహోత్సాహంతో గేర్ల మౌంటెన్ బైక్ ఒకటి కొని, మూడు వారాలు తొక్కి, దానిని వరండాలో బట్టలు ఆరేసే దండెంగా మార్చాడు. ఆమె దాని మీది తడి తువ్వాళ్లు తీసి పక్కన పెట్టింది. చిన్ననాడు అద్దె సైకిల్ మీద నేర్చుకున్న విద్య కాళ్లకు ఇంకా గుర్తుందో లేదో చూసుకోవడానికి ఖిలా వరంగల్‌లో మట్టికోట పక్క ఖాళీ జాగాకు దానిని నడిపించుకుంటూ వెళ్లింది. వచ్చేటప్పుడు తొక్కుకుంటూ వచ్చింది.

యాభై తొమ్మిదేళ్ల స్త్రీ పంజాబీ డ్రెస్సు వేసుకొని గేర్ల సైకిల్ తొక్కితే వీధి ఊరుకోదు. ఈ వయసులో ఇదేం షోకు అని ఒక వృద్ధురాలు నిలదీసింది. "వయసు మోకాళ్లకొచ్చిందక్కా, నాకింక రాలె" అని ఆమె సమాధానం. నెల తిరిగేసరికి ఆ వృద్ధురాలే తన మనుమరాలిని తెచ్చి, దీనికీ నేర్పమని అడిగింది.

వరంగల్‌లో చలికాలం బురద ఎక్కడిదని తెలియనివారు అడుగుతారు. వాన వెలిసి రెండు మూడు నెలలైనా యాసంగి వరినాట్లకు కాలువ నీళ్లు పారించి పొలాలన్నీ బురద చేసి కరిగెట దున్నుతారు. ట్రాక్టర్ల ఇనుప చక్రాలు ఆ బురదను మోసుకొచ్చి డొంకల మీదా తారురోడ్డు మీదా పోసి పోతాయి. మంచు కురిసే ఉదయాల్లో అది ఆరదు. సరిగ్గా అదే కాలంలో, ఆమెను చూసి ఒక్కొక్కరే చేరిన మా జట్టు, అంటే ఒక ఐదారుగురం, పల్లెల దిక్కు బయలుదేరేది. నేను మాత్రం చాలాకాలం బయలుదేరలేదు. కారణం చెప్పాలి. ఆమె సైకిల్ ఎక్కడానికి రెండేళ్ల ముందు చిత్తడి రోడ్డు మీద నా స్కూటర్ జారింది. మెడ దగ్గర ఎముక విరిగింది. ఎముక అతికింది కానీ భయం అతుక్కొనే ఉంది. అప్పటినుంచి ఎంత దగ్గరికైనా ఆటోలోనే వెళ్లేదాన్ని. రెండు చక్రాల మీద కూర్చుంటే అరచేతులు చెమటలు పట్టేవి. అత్తమ్మకు ఇదంతా తెలుసు. ఏనాడూ ఆ ప్రస్తావన తేలేదు.

ఆమె టైర్ల ఎంపిక మా జట్టులో ఒక పురాణం. మొదటి చలికాలమే సైకిల్‌తో వచ్చిన సన్న టైర్లతో రెండుసార్లు జారిపడి, మూడోనాడు నన్ను తోడు తీసుకొని హన్మకొండలో నాగభూషణం గారి సైకిల్ దుకాణానికి వెళ్లింది. ఆయన తాతలనాటి వ్యాపారి, మర్యాదస్థుడు. బురద కోసం అనగానే టైర్లు వరుసగా తెచ్చి ముందు పెట్టారు. ఆమె నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, ఒక్కొక్క టైరును ఒళ్లో పెట్టుకొని, బుడిపెల మధ్య సందుల్లోకి వేళ్లు దూర్చి చూసింది. నేత బిగువు చూసే వేళ్లవి. "ఇది దగ్గర దగ్గరున్నది. మట్టి పట్టుకుంటె ఇడువది. దూరం దూరం బుడిపెలున్నదియ్యి" అన్నది. ఇక్కడివరకు ఆమె తీర్పు నిర్దుష్టం. ఆ తర్వాతే ఆశ పడింది. ఉన్నవాటిలో అన్నిటికన్నా వెడల్పైనది కావాలన్నది. ఈ సైకిల్‌కు అంత వెడల్పు ఇరుకవుతుందని నాగభూషణం గారు నచ్చజెప్పబోయారు. ఆమె వినలేదు.

ఆ ఆదివారం నల్లరేగడి దారిలో నూరు గజాలు పోయేసరికి టైరుకూ, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకూ నడుమ మట్టి గట్టిగా కూరుకుపోయి ముందు చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకితే పది గజాలు, మళ్లీ గీకితే ఐదు గజాలు. చివరకు సైకిల్‌ను భుజాన వేసుకొని పక్కా రోడ్డు దాకా నడిచి వచ్చింది. ఇంటికి రాగానే స్నానమైనా చేయకుండా, అదే బురదతో దుకాణానికి పోదాం పద అన్నది. నేనెందుకు అని అడిగితే, తను తప్పు ఒప్పుకుంటుంటే ఒక సాక్షి ఉండాలని చెప్పింది. దుకాణంలో ఆమె అన్న మాట అక్షరాలా ఇది: "తమ్మీ, నువ్వు చెప్పింది నిజం. నేను ఇనలె. ఇప్పుడు చెప్పు, ఎంత సందుండాలె?"

నాగభూషణం గారి ముఖం ఆ క్షణాన వెలిగిపోవడం నేను చూశాను. ఎన్నో ఏళ్లుగా టైర్లు అమ్ముతున్నా, తప్పు నాదని ఒప్పుకొని వచ్చిన గిరాకీ ఆమె ఒక్కతేనని తర్వాత ఎందరికో చెప్పుకున్నారు. ఆ పూట ఇద్దరూ కలిసి కొలతలు తీశారు. టైరుకు అటొక వేలు, ఇటొక వేలు దూరేంత ఖాళీ ఉండాలని తేల్చారు. ముందు చక్రానికి టూ పాయింట్ ఫోర్ అంగుళాల వెడల్పు, వెనుకకు కొంచెం సన్నగా టూ పాయింట్ టూ. ముందరి టైరు నేలను పట్టుకోవాలి, వెనుకది మట్టిని విదిల్చుకోవాలి. గాలి మాత్రం బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లొంగేటంత. "నిండ గాలి కొడితె అది బురద మీద ఎగురుతది. జర మెత్తగుంటెనే నేలను ఇంటది" అనేది. మా జట్టులో ఆ మాట వినని వారు లేరు, పాటించక తిట్లు తినని వారూ లేరు.

ఆమె దోషరహిత అని చెప్పను. మొండిది. ఆమె సైకిల్‌ను ఎవరైనా పైపు పెట్టి నీళ్లు చిమ్మి కడిగితే బేరింగుల్లోకి నీళ్లు పోతాయని రోజంతా మాట్లాడేది కాదు. టీ ఆలస్యమైతే ఓర్చుకొనేది కాదు. నా వంటలో ఉప్పు గురించి పదమూడేళ్లలో ఒక్క మంచి మాటా అనలేదు.

ఒక పుష్యమాసంలో, నాకు కళాశాల సెలవులున్న వారం, పొద్దున్నే నా గది ముందుకు వచ్చి నిలబడింది. ఆకుపచ్చ రంగు పాత సైకిల్ ఒకటి ఎక్కడో సంపాదించి తెచ్చింది. నన్ను ఊరి బయట నాటుకు సిద్ధమైన ఒక మడి దగ్గరికి ఆటోలోనే తీసుకుపోయింది. సైకిల్ ఎక్కమంటుందనే అనుకున్నాను. ఆమె అన్నది వేరు. "ఎక్కుడు తర్వాత. ముందుగాల పడుడు నేర్సుకుందాం. బురదల పడితె దెబ్బ తగలది బిడ్డా. గందుకే గీడికి తెచ్చిన." రైతు అనుమతి ముందే అడిగి పెట్టుకుందట. ఆ ఉదయం నేను పదకొండుసార్లు పడ్డాను, అన్నీ కావాలనే. కుడికి పడ్డాను, ఎడమకు పడ్డాను, చతికిలబడ్డాను. ఏడోసారికి నవ్వు మొదలైంది. ఆ నవ్వుకు నేనే ఆశ్చర్యపోయాను. ఏళ్ల తరబడి నా దేహం దాచుకున్న ఒక దెబ్బ ఆ చల్లని మడిలో కరిగిపోయిందని ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు మాత్రం చెవుల్లో మట్టి తీసుకోవడంతోనే సరిపోయింది.

ఆ వారమంతా ఆకుపచ్చ సైకిల్ మీద మా వీధిలో చక్కర్లు కొట్టాను. ఆదివారం పాలంపేట ప్రయాణం. సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకొని అక్కడిదాకా వెళ్లి, రామప్ప గుడికి దండం పెట్టుకొని, పొలాల నడుమ డొంకలో దిగాం. ముందురోజు అకాలవర్షం పడింది. ఒక మలుపు దగ్గర దారి నీళ్లలో మునిగి ఉంది. రెండువందల గజాల మేర బురద, అటూ ఇటూ నాటు వేస్తున్న మళ్లు. మిగతావారు దాటిపోయారు. నా పాత సైకిల్‌కు అరిగిన సన్న టైర్లు. నేను ఆగిపోయాను. చేతులు మళ్లీ చెమర్చాయి. నేను వెనక్కి పోతానని చెప్పాను.

అత్తమ్మ తన సైకిల్ దిగి హ్యాండిల్ నా చేతికిచ్చింది. "నాది నువ్వు తీస్కో. నీది నాకియ్యి" అన్నది. నేను ఒప్పుకోలేదు. ఆ టైర్లతో ఆమె పడుతుందని తెలుసు. అప్పుడామె నా భుజం మీద చేయి వేసి, నెమ్మదిగా అన్నది: "నాకు పడుడు అలవాటే. నీకు ఇయ్యాల పడకుంట పోవుడు కావాలె. పో బిడ్డా, ఎనుకకు చూడకు."

నేను చూడలేదు. ఆ వెడల్పాటి టైరు బురదలో దిగి, నేలను అందుకొని, కదలడం నా అరికాళ్లకు తెలిసింది. సైకిల్ అటూ ఇటూ ఊగింది కానీ జారలేదు. ఒక్కసారైనా కాలు కింద పెట్టకుండా అవతలికి చేరాను. జట్టంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు వెనక్కి తిరిగితే అత్తమ్మ దారిలో లేదు. సైకిల్ మాత్రం గట్టు మీద వంకరగా పడి ఉంది. ఆమె మోకాలి లోతు మడిలో, నాటు వేసే స్త్రీల మధ్య కూర్చొని ఉంది.

ఒకామె చేయి పట్టి లేపుతూ, "ఏ ఊరమ్మా మీది, సైకిల్ తోటి నాటేస్తరా?" అని అడుగుతున్నది. మా అత్తమ్మ ఏమాత్రం తొణకకుండా, "మాది ఒరంగల్. మీరెట్లేస్తరో చూద్దామని దిగిన" అన్నది. మడంతా నవ్వులే. వాళ్లు నారుకట్ట చేతిలో పెట్టారు. ఆమె ఒక సాలు పూర్తిగా నాటింది. సాలు దారం పట్టి గీసినట్టు వచ్చిందని వాళ్లే మెచ్చుకున్నారు. మేము గంట సేపు గట్టు మీద కూర్చొని వేచి ఉన్నాం. ఎండ ఎక్కింది, టీ దొరకలేదు, ఎవరూ విసుక్కోలేదు. సోమవారం ఉదయం నేను స్కూటర్ తాళం చేతికి తీసుకోవడం ఆమె చూసింది. ఆనందబాష్పాలు గానీ ఆశీర్వచనాలు గానీ లేవు. "బండి టైర్ల గాలి చూపిచ్చుకో" అన్నది, అంతే.

ఇట్లాంటి మనిషి దశదినకర్మకు జట్టంతా వచ్చింది. నాగభూషణం గారు ఆ రోజు దుకాణం మూసి వచ్చి, ఆమె పటానికి దండ వేశారు.  సాయంత్రం మా ఆయన వరండాలో తల్లి సైకిల్ పక్కన కూర్చొని, దీన్ని తాను తొక్కవచ్చునా అని నన్ను అడిగాడు, ఎవరి అనుమతో కావాలన్నట్టు.

నిన్న చైనుకు నూనె కొనడానికి నాగభూషణం గారి దుకాణానికి వెళ్లాను. అక్కడ ఒక యువ వ్యవసాయాధికారిణి నిలబడి ఉంది. పల్లెల్లో తిరిగే ఉద్యోగమట, మౌంటెన్ బైక్ కొన్నదట, నాట్ల కాలంలో బురదకు ఏ టైర్లు వేయించాలని అడుగుతున్నది. నాగభూషణం గారు అలవాటుగా ఫోన్ తీసి, పేరు వెతికి, ఆగిపోయారు. ఇట్లాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయన మా అత్తమ్మకే ఫోన్ చేసేవారు. ఫోన్ మెల్లగా గల్లాపెట్టె మీద పెట్టి, ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఆ ఒక్క కదలికలో నాకు ఈ లోటు ఎంతటిదో తెలిసింది. విద్యలు పుస్తకాల్లో మిగులుతాయి. మట్టిని వేళ్లతో చదివి, తన తప్పును తానే మోసుకొచ్చి, తన చక్రాలు మరొకరికి ఇచ్చి తాను బురదలో పడి నవ్వగల ఆ హృదయం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? కొత్తవాడకు, మా జట్టుకు, నాకు అది తీరని లోటు. ఆ మహనీయురాలికి నా సాష్టాంగ నమస్కారం.

దుకాణంలో నాకు తెలిసింది నేను చెప్పాను. బుడిపెల దూరం, వేలు దూరే సందు, ముందుకు వెడల్పు, వెనుకకు కొంచెం తక్కువ. ఆ అమ్మాయి అన్నీ రాసుకొని, "మా దిక్కు మట్టి వేరే తీరు ఉంటది మేడం. సౌడు. దానికి గిదే పనికొస్తదా?" అని అడిగింది.

చవుడు నేల సంగతి నాకు తెలియదు. మా అత్తమ్మయితే ఊరు పేరు అడిగేది.

"మీదే ఊరు?" అన్నాను. "ఆదివారం వచ్చి, తొక్కి చూసి చెప్త."