మీరావలి లెక్కపెట్టిన ఖోర్

మీరావలిని నేను మొదట చూసింది 2004 జనవరిలో, ఒక శుక్రవారం పొద్దున. జెబెల్ అలీ దాటి అబూదాబీ వైపు కొంతదూరం వెళితే, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చి మడచెట్ల మధ్య బురదగా పరుచుకున్న చోటొకటి ఉండేది. అలాంటి పాయని అక్కడ ఖోర్ అంటారు. ఏటా చలికాలంలో అక్కడ దిగే నీటిపక్షుల్ని లెక్కపెట్టడానికి మేం ఆరుగురం వలంటీర్లం వెళ్లేవాళ్లం. నాది అమలాపురం. షార్జాలో ఒక ఇండియన్ స్కూల్లో బయాలజీ చెప్తాను. ఆ ఆరుగురికీ నేనే లీడర్ని.

ఆ రోజు మా వ్యాన్ ఉప్పు బురదలో చక్రాలు మునిగేదాకా దిగబడిపోయింది. దారిన పోతున్న టిప్పర్ ఒకటి ఆగింది. నలభై దాటిన మనిషి దిగి, ఏమీ అడక్కుండా తాడు కట్టి, వ్యాన్‌ని గట్టి నేల మీదికి లాగిపెట్టాడు. పనైపోయినా వెళ్లలేదు. నీళ్లవైపు చూస్తూ నిలబడి తనలో తాను తెలుగులో ఏదో అనుకున్నాడు.

"మీరు తెలుగువారాండీ?" అన్నాను.

"అవునమ్మా. సూళ్లూరుపేట. మీరావలి అంటారు నన్ను. ఈ రాజహంసల్ని చూస్తా ఉంటే మా పులికాట్ గుర్తొచ్చింది. మూడొందల పైన్నే ఉండాయి."

నా చేతిలోని కాగితంలో అప్పటికే 312 అని రాసి ఉంది. టెలిస్కోప్ పెట్టుకుని ఆ అంకె రాయడానికి నాకు అరగంట పట్టింది.

"చూపుతోనే ఎలా చెప్పారు?"

"మా నాయన గట్టున రొయ్యలు కొనేవాడమ్మా. ఆయన బేరం అయిందాకా నాకేం పని? పిట్టల్ని లెక్కపెట్టుకుంటా కూర్చునేవోణ్ణి. పదింటిని చూసి పెట్టుకుంటే, ఆ గుంపులో ఎన్ని పదులుండాయో కన్నే చెప్తాది."

మరుసటి జనవరి నుంచి ఆయన మాతోనే వచ్చాడు. సోనాపూర్ లేబర్ క్యాంపు గేటు దగ్గర ఉతికిన చొక్కా వేసుకుని మాకంటే ముందే నిలబడి ఉండేవాడు. ఖోర్‌ని అయిదు సెక్షన్లుగా పంచుకునేవాళ్లం. నాలుగోది ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. మోకాలి దాకా బురద. కానీ పోటెక్కినప్పుడు మిగతా నేలంతా మునిగిపోయి, పక్షులన్నీ ఆ సెక్షన్‌లోని ఇసుకదిబ్బ మీదికే చేరేవి. ఉల్లంకులు, క్రాబ్ ప్లోవర్లు, కొంగలు, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడేవి. దాన్ని మీరావలి తీసుకున్నాడు. లెక్క ముగించి, జుమ్మా నమాజు వేళకి మసీదు దగ్గర దిగిపోయేవాడు.

ఫారంలో లెక్కించినవారి పేరు రాసే చోట మొదటిసారి తన పేరు చూసుకుని, "ఇది యాడికి పోతాదమ్మా?" అని అడిగాడు.

"చాలా దేశాల వాళ్లు చూస్తారండీ. ఈ పక్షులు ఏ ఏ దేశాల మీదుగా వస్తాయో అక్కడివాళ్లందరూ."

ఆయన ఆ కాగితం జిరాక్స్ ఒకటి అడిగి తీసుకున్నాడు. క్యాంపులో ఆయన పక్క మంచం రాజేశ్వర్‌ది, జగిత్యాల దగ్గరి పల్లె. "ఉన్నదొక్క సెలవు. పండుకోక ఆ పిట్టలెంబడి ఎందుకు తిరుగుతవ్ భాయ్?" అని ఎప్పుడూ అనేవాడట. నవ్వేసేవాణ్ణని మీరావలే నాకు చెప్పాడు.

2007 జనవరిలో వెళ్లేసరికి బురదలో వరసగా కర్రలు పాతి, ఎర్ర గుడ్డలు కట్టి ఉన్నాయి. మేం సర్వే అనుకున్నాం. మీరావలి ఆ వరస మీదుగా చివరిదాకా చూపు పోనిచ్చాడు. టిప్పర్ తోలే మనిషికి ఆ కర్రల అర్థం ఒకరు చెప్పనక్కర్లేదు. మట్టి ఎక్కడిదాకా పోయాలో అవి చెప్తాయి.

"నాలుగో సెక్షన్ మొత్తం లోపలికే పోయిందమ్మా," అన్నాడు.

నేను మూడు ఆఫీసులకి ఉత్తరాలు రాశాను. మూడింటి నుంచీ అందినట్టు జవాబొచ్చింది. అంతకు మించి ఒక్క ముక్క లేదు. రంజాన్ తర్వాత మీరావలి నా ఫోన్ ఎత్తడం మానేశాడు. పని ఎక్కువై ఉంటుందనుకున్నాను.

2008 జనవరిలో మేం వెళితే ఖోర్ చుట్టూ రేకుల కంచె. గేటు దగ్గర కాపలా మనిషి పాస్ లేదని మమ్మల్ని ఆపేశాడు. లోపలినుంచి ఖాళీ టిప్పర్లు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. వాటిలో ఒకటి మమ్మల్ని దాటి వెళ్లి ఆగింది. మీరావలి దిగి వచ్చాడు. గడ్డం నెరిసిపోయింది. నా మొహం చూడలేదు.

"ఎన్నాళ్ల నుంచండీ?" అన్నాను.

"సెప్టెంబర్ నించి. మా కంపెనీకే వొచ్చింది ఈ పని. వేరే సైటుకి మార్చమని ముదీర్ని, అదే మా మేనేజర్ని, రెండుసార్లు అడిగినా. ఖలాస్, ఇంకోసారి అడగొద్దన్నాడు. పాస్‌పోర్టు కఫీల్ కాడ, వీసా ఇచ్చిన యజమాని కాడ ఉంది. నేనేం చేసేదమ్మా?"

"నాకొక్క మాట చెప్పకపోయారా?"

"ఏమని చెప్పేది?" కంచె వైపు తిరిగాడు. "పోటప్పుడు కూర్చునే దిబ్బ ఉందే, దాని మీద పొయ్యమన్నారు. హారన్ కొట్టినా. లేచినాయి. ఒక చుట్టు తిరిగి మళ్లా ఆడికే వొచ్చి వాలినాయి. ఇంకోసారి కొట్టినా. మళ్లా వొచ్చినాయి. నా యెనకాల బండ్లన్నీ ఆగిపోయి వాళ్లు నా మీద హారన్లు కొడతా ఉండారు." గొంతు తగ్గించాడు. "పోసేసినా."

ఆయన్ని ఓదార్చాలో తిట్టాలో నాకు తెలియలేదు. మీరావలి చెయ్యి చాపి ఫారం అడిగాడు.

"మిమ్మల్నైతే రానియ్యరు. నాలుగోది నేను చూసుకొస్తా."

మట్టి ఎత్తుకుని మళ్లీ లోపలికి వెళ్లి, గంట తర్వాత బయటికొచ్చాడు. రాజహంసలు పదకొండు. చుట్టూ మట్టి కట్ట పడి సముద్రంతో తెగిపోయిన ఒక మడుగులో నిలబడి ఉన్నాయట. క్రాబ్ ప్లోవర్లు సున్నా. ఉల్లంకులు సున్నా. ఒక్కో పేరుకీ ఎదురుగా ఓపిగ్గా సున్నా చుట్టి పెట్టాడు. ఒక్క గడి మాత్రం ఖాళీగా వదిలాడు. పక్షులకి కలిగిన ఆటంకం ఏమిటో రాయాల్సిన గడి అది.

"ఆడ నా బండి నంబర్ రాయండమ్మా."

"అలా రాయకూడదండీ. మీరు కాకపోతే ఇంకొకరు తోలేవారు."

"తోలేవాళ్లే. తోలింది నేను కదా."

నేను మట్టి పూడిక అని మాత్రం రాశాను. ఆయన అది చదివాడు. బండెక్కాడు. ఆయన అడిగినట్టు రాసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన ఉద్యోగం పోతుందన్న భయంతోనే రాయలేదని అనుకుంటాను. కానీ ఆ కళ్లలోకి చూడలేక త్వరగా ముగించేశానేమో కూడా.

మార్చికల్లా ఖోర్ పూర్తిగా పూడిపోయింది. అక్టోబర్‌లో మాంద్యం వచ్చి దుబాయ్ అంతటా పనులు ఆగిపోతుంటే అక్కడా ఆగిపోయాయి. ఒక్క గోడ లేవలేదు. ఇప్పుడక్కడ వట్టి ఇసుక. నవంబర్‌లో మీరావలి ఒకసారి ఫోన్ ఎత్తాడు. ఉమ్మల్ ఖువైన్ వైపు కొత్తచోట లెక్క మొదలుపెడుతున్నాం, రమ్మన్నాను.

"కళ్లు ఆనడం లేదమ్మా," అన్నాడు.

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కళ్లు ఆనని మనిషికి టిప్పర్ ఎవరిస్తారు? నేను గట్టిగా అడగలేదు.

డిసెంబర్‌లో వాళ్ల కంపెనీ డ్రైవర్లందర్నీ ఇళ్లకి పంపేసింది. ఆ సంగతి రాజేశ్వర్ ఫోన్ చేస్తే తెలిసింది.

"భాయ్ నిన్ననే ఊరికి పొయ్యిండు మేడం. మీకు ఫోన్ చెయ్యుమన్నడు."

"ఏం చెప్పమన్నారండీ?"

"చెయ్యుమన్నడు గంతే. ఏం చెప్పాల్నో చెప్పలే."

ఊళ్లో నంబరేదైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు.