కొర్రకొత్తకి పిలిచే పేర్లు

పిల్లలు సెలవులకి వెళ్ళినప్పుడు తమ పూర్వీకుల గురించి ఇంట్లో అడిగి, వీడియో తీసి చూపించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పైవాళ్ళకు ఏ ఆలోచన వచ్చినా దాని బరువు చివరికి నా ఫోన్ మీదే పడుతుంది. అనంతగిరి కొండల్లోని మా బాలికల ఆశ్రమ పాఠశాలలో సిగ్నల్ అందదు. వానలో వంటశాల వెనక గట్టెక్కి, గొడుగు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆ వీడియోలు పంపడం నా పని. ఈ ఉద్యోగంలో పాఠం చెప్పిన దానికన్నా ఇలాంటివి పంపిందే ఎక్కువేమో. విసుగొచ్చేసింది.

వీడియోలన్నీ ఒకేలా ఉండేవి. పిల్లలు బిగుసుకుపోయి నిలబడి, ‘మా తాతగారు మంచి రైతు’ అని పుస్తకం భాషలో అప్పజెప్పేవారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతెది మాత్రం వేరు. అందులో వాళ్ళ మామ్మ గడపలో కూర్చుని చేట చెరుగుతోంది.

“మామ్మా, మీ అత్త పేరేటి? ఆవిడత్త పేరేటి?” ఫోన్ వెనక నుంచి పిల్ల గొంతు.

ముసలామె చెయ్యి ఆపలేదు. “ఇప్పుడెందుకే గుంటా? పేరెట్టి పిలిస్తే వచ్చెత్తారు. వత్తే ఏటెడతాం? కొర్ర ఇంకా సేలోనే ఉంది.”

వీడియో అంతే.

పిల్లని పిలిచి అడిగాను. వాళ్ళింట్లో పోయినవాళ్ళ పేర్లు కొర్రకొత్త పండగనాడే పలుకుతారట. కొత్త కొర్రన్నం ఆకులో పెట్టి, మామ్మ ఒక్కొక్కరినీ పిలిచాకే అందరూ తింటారు. పిలిచేది లోగొంతులో కాబట్టి ఆ పేర్లు ఇంకెవరికీ తెలియవు.

“ఈసారి నన్ను పక్కన కూకోబెట్టుకుని సెప్తానంది మేడం. దానికి ఒంట్లో బాగోదు. కొర్ర బేగి పండితే బాగున్ను,” అంది.

వీడియో పంపి గట్టు దిగకముందే ఆఫీసు నుంచి ఫోను: “ఇదేం వీడియో మేడం, పేర్లేవీ?”

“పంట ఇంకా రాలేదు సార్,” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక నాకూ లేదు.

ఆ తర్వాత నేనూ కొర్ర కోసమే ఎదురుచూశాను. బడికి వచ్చే దారిలో ఎవరి చేను కనిపించినా కంకుల వంకే చూసేదాన్ని. అవి రంగు తిరుగుతుండగా మామ్మ పోయింది. ఫోన్‌లో తప్ప ఎన్నడూ చూడని మనిషి కోసం నాకు ఏడుపొచ్చింది. ఆ పేర్లు ఇక పోయినట్టే అనుకున్నాను.

పండగ వెళ్ళాక ఆ పిల్ల వాళ్ళ నాన్న ఫోన్ నుంచి ఎవరూ అడగని వీడియో ఒకటి వచ్చింది. ఆకులో కొర్రన్నం. పిల్ల దాని ముందు కూర్చుని, మామ్మ పేరు ఒక్కటే గట్టిగా పిలిచింది.

“మరి మిగతావోలో?” అన్నాడు తండ్రి.

“మామ్మొచ్చింది కదా నాన్నా. ఆలందర్నీ అదే పిలుసుకుంటాది,” అంటూ ఆ పిల్ల ఇంకా ఇంకా అన్నం పెట్టింది, ఆకు పట్టనంత.