ఇందులో ఎన్ని ఆటులు పడతాయి?

అక్టోబరులో ఒక ఉదయం మా కులాత్రా దీవి రేవులో పడవ తాడు విప్పబోతుండగా ఎర్మెలిందా చెక్కల వంతెన మీద రబ్బరు బూట్లు టపటపలాడించుకుంటూ వచ్చి నా ఎదుట చెయ్యి చాపింది. టికెట్టు డబ్బులు ఇస్తోందేమో అనుకున్నాను. చేతిలో ఏమీ లేదు.

"నీ ఫోను ఒక్క ఆటుకి ఇస్తావా, ఒతీలియా? నీళ్లు దిగినప్పుడు తీసుకెళ్లి, మళ్లీ ఎక్కేలోగా తెచ్చిచ్చేస్తా."

మా దీవికీ అవతలి ఒడ్డున ఉన్న ఒల్యావ్ పట్నానికీ మధ్య తిరిగే ఈ పడవలో పదిహేడేళ్లుగా టికెట్లు ఇస్తున్నాను. ఇన్నేళ్లలో జనం నన్ను గొడుగు అడిగారు, నిమ్మకాయలు అడిగారు, ఒకసారి పెళ్లికి చెవికమ్మలు అడిగారు. ఫోను ఎవరూ అడగలేదు.

"నీ బొత్తాల ఫోను ఏమైందక్కా?"

"పాయలో పడిపోయింది. ఇప్పుడు పీతలు మాట్లాడుకుంటున్నాయి దాంట్లో."

"అయితే పట్నం వెళ్లి కొనుక్కో. నాది ఎందుకు?"

"కొనే ముందు చూసుకోవద్దా? చెప్పులు కూడా తొడిగి చూసి కొంటాం గదా."

నవ్వొచ్చి ఇచ్చేశాను.

ఎర్మెలిందాకి అప్పుడు అరవై ఒకటి. తొమ్మిదేళ్లప్పుడు తల్లి వెంట, నీళ్లు దిగినప్పుడు బయటపడే బురదమేటల మీదికి దిగింది. అప్పటినుంచి రోజూ నీళ్లు దిగగానే తలకి గుడ్డ చుట్టి, దానిమీద గడ్డి టోపీ పెట్టి, చిన్న కత్తితో తినే గుల్లలు తవ్వుతోంది. ఇసుకలో పక్కపక్కన రెండు చిన్న చిల్లులు కనిపిస్తే కింద గుల్ల ఉన్నట్టు. దూరం నుంచి చూస్తే ఆమె నడుం దగ్గర మడతపెట్టిన మనిషిలా ఉంటుంది. ముఖం గుర్తుపట్టనివాళ్లు కూడా ఆ వంపుని గుర్తుపడతారు.

భర్త కుస్తోదియో ముప్పైఎనిమిదేళ్లు ఆమెతోపాటే మేటల మీదికి వెళ్లాడు. ఆయన ఒక చివర, ఈవిడ ఇంకో చివర. మధ్యలో మాటలుండేవి కావు. మంచు కమ్మిన రోజుల్లో ఒకరికొకరు కనిపించేవాళ్లు కూడా కాదు. గంటల తరబడి ఆ తెల్లదనంలో ఎవరి పని వాళ్లు చేసుకుని, నీళ్లు ఎక్కే వేళకి ఎలాగో ఒకే చోట తేలేవాళ్లు. ఎలా కలుస్తారని నేనొకసారి అడిగితే, "ఎలా కలవం?" అని ఎదురు అడిగిందామె.

ఆ ఫిబ్రవరిలో ఆయన పడవ లాగుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను అయింది. నాలుగుకాళ్ల కర్ర పట్టుకుని పెరటిదాకా నడవగలడు, అంతే. ఇసుకలో ఆ కర్ర దిగబడిపోతుంది. మా దీవిలో ఇసుక కానిదేముంది?

మధ్యాహ్నం ఫోను తిరిగి తెచ్చి ఇచ్చింది. "బాగుంది గానీ నాకు పనికిరాదు" అంది. ఎందుకు పనికిరాదో చెప్పలేదు. సాయంత్రం చూస్తే అందులో ఇరవై నిమిషాల రికార్డింగు ఉంది. విన్నాను. గాలి. మొదటినుంచి చివరిదాకా బరబరా గాలి, దుప్పటి దులుపుతున్నట్టు. పొరపాటున నొక్కి ఉంటుందనుకుని తుడిచేశాను.

వారం తిరక్కుండానే జసింటో కాఫీ కొట్లో ఈ సంగతి పెద్ద చర్చ అయింది. ఎర్మెలిందా ఫోను కొంటుందనగానే అందరికీ పాండిత్యం వచ్చేసింది. ఒకడు కెమెరా ముఖ్యమన్నాడు. ఇంకొకడు ఎండలో తెర కనిపించకపోతే ఏ ఫోనూ దండగే అన్నాడు. బడి పంతులమ్మ మఫల్దా తన కొత్త ఫోనుని రెండు చేతుల్తో పట్టుకుని చూపించింది. దీవిలో అంత ఖరీదైనది మరొకటి లేదు.

"పిన్నీ, ఇది నీళ్లలో పడ్డా ఏమీ కాదు. మంచులో తప్పిపోతే నువ్వెక్కడున్నావో మాకు తెలుస్తుంది కూడా."

"నేనెక్కడున్నానో నాకు తెలుసే తల్లీ. ఒక ఆటుకి ఇస్తావా?"

మఫల్దా ఫోనుని ఒకసారి గుండెకి ఆనించుకుంది. అయినా ఇచ్చింది. బురద అంటకుండా నాలుగు సంచుల్లో చుట్టి మరీ ఇచ్చింది.

మర్నాడు తిరిగి తెచ్చినప్పుడు నేనూ కొట్లోనే ఉన్నాను. ఎర్మెలిందా బల్ల మీద ఫోను పెట్టి, "విను" అంది. మఫల్దా నొక్కింది. అందరం ఒంగి విన్నాం. ఏమీ లేదు. ఎప్పుడో ఒకసారి ఒక మనిషి ఊపిరి. కాసేపటికి ఎర్మెలిందా గొంతు, 'ఓ దేవుడా నా నడుము' అని. మళ్లీ ఏమీ లేదు.

"నీళ్లేవీ?" అంది ఎర్మెలిందా.

"ఏ నీళ్లు?"

"చుట్టూ నీళ్లున్నాయి. బోలెడంత చప్పుడుంది. అదంతా ఏమైంది?"

మఫల్దాకి అప్పుడు అర్థమైంది. "అదీ దీని గొప్ప, పిన్నీ. చుట్టుపక్కల గోలంతా తీసేసి మనిషి గొంతు ఒక్కటే ఉంచుతుంది."

"గోలా?" అంది ఎర్మెలిందా. కోపంగా అనలేదు. ఆ మాట తనకు తెలియనిదేమో అన్నట్టు నెమ్మదిగా అంది. గ్లాసు పక్కకి జరిపి, అప్పుడు చెప్పింది.

వాళ్ల ఇల్లు దీవికి ఆవలివైపు, పెద్ద సముద్రం పక్కన. అక్కడ పగలూ రాత్రీ అలల హోరే. మేటల చప్పుడు అక్కడికి రాదు. కుస్తోదియోకి ఎనిమిది నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. పెరట్లో కూర్చుని, 'నాకు ఇల్లు మారినట్టుంది లిందా' అంటున్నాడట. ఏం కావాలని అడిగితే, ఏమీ వద్దంటాడట. ఒకరోజు మాత్రం నోరు జారి, 'ఆ చిటపటలు వినిపించడం లేదే' అన్నాడట.

నీళ్లు దిగిపోయాక మేటల మీద ఒక చప్పుడుంటుంది. దిగి నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. గుల్లలు సన్నగా నీళ్లు చిమ్ముతాయి. లక్షల చిల్లుల్లోంచి బుడగలు వచ్చి పగులుతాయి. ఒక డెక్క మాత్రం పెద్దగా ఉండే పీతలు గోళ్లు టిక్కుటిక్కుమనిపిస్తాయి. నీటిగడ్డి ఒరిగిపోతూ నిట్టూరుస్తుంది. అన్నీ కలిసి, ఎవరో దూరంగా చాలా పెద్ద పొయ్యి మీద సన్నమంటన ఏదో ఉడికిస్తున్నట్టుంటుంది. మంచులో ఆ చప్పుడు మధ్య నిలబడితే కింద నేలుందో నీళ్లున్నాయో, మనం మేలుకునే ఉన్నామో లేదో కూడా తెలియదు.

"దాన్ని ఇంటికి తీసుకెళ్లాలి. అంతకంటే నాకేం అక్కర్లేదు" అంది ఎర్మెలిందా.

జసింటో తడి చేతులు తుడుచుకుని, కాఫీ యంత్రం వెనకనుంచి తన ఫోను తీసి ఇచ్చాడు. ఇటికంత మందం. తెర మూడు చోట్ల పగిలింది.

"ఇది ఏదీ తీసెయ్యదు. నా భార్య ఫోను చేస్తే పక్కింటి కుక్క కూడా మాట్లాడుతుంది."

మర్నాటి ఆటుకి మంచు పట్టింది. పడవ మీదినుంచి మేటలు కనిపించలేదు. ఆ తెల్లదనంలో ఎక్కడో ఎర్మెలిందా కత్తిని ఇసుకలో గుచ్చి, దాని పిడికి ఫోనుని కట్టి, తాను పది బారల దూరం జరిగి, కదలకుండా కూర్చుందట. యాభై రెండేళ్లలో మేటల మీద పని చెయ్యకుండా కూర్చోవడం అదే మొదటిసారి. ఏదో దొంగతనం చేస్తున్నట్టనిపించిందట.

ఇంటికి వెళ్లి మొగుడి ఒళ్లో ఫోను పెట్టింది. ఆయన ముందు విసుక్కున్నాడు. "ఇదేంటి, పకోడీలు వేగుతున్నట్టు?"

"మాట్లాడకుండా విను, ఓ మనిషీ."

ఆయన విన్నాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి చెయ్యి పైకెత్తాడు, ఆగమన్నట్టు.

"పాత పడవ ములిగిన చోటు గదా ఇది? పాయకి ఎడంవైపు. ఇక్కడ గడ్డి ఉంది."

"నీకెలా తెలుసు?"

"గడ్డి ఉన్న చోట బుడగ మెత్తగా పగులుతుంది. ఇంకా ముందుకెళ్లవే. అక్కడ పెద్ద గుల్లలుంటాయి. చెబితే వినవు, ముప్పైఎనిమిదేళ్ల నుంచీ."

నాలుగు నిమిషాలకి జసింటో ఫోను చార్జింగు అయిపోయి నోరు మూసుకుంది. అప్పటికి కుస్తోదియో కుర్చీలోనే నిద్రపోతున్నాడు.

ఆ శనివారం ఎర్మెలిందా పడవెక్కింది. నాకు సెలవు కాబట్టి నేనూ వెంట వెళ్లాను. ఒల్యావ్‌లో చేపల బజారు వెనక సందులో అదెలీనో ఫోన్ల దుకాణం. అతను మర్యాదస్తుడు, వాగుడుకాయ.

"రండి ఎర్మెలిందా గారూ. ఫోను ఏ వాడకానికండీ?"

"రోజూ వాడుకోడానికే."

"అంటే ఫొటోలు, వీడియోలు, బ్యాంకు పనులు..."

"రోజూ అన్నాను గదా, నాయనా. నా రోజులో అవేవీ లేవు."

ముందు ఒక ఫోను తెరవడానికి వేలిముద్ర పెట్టించాడు. తీసుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమచెయ్యి, ఏదీ తీసుకోలేదు. ఉప్పూ ఇసుకా కలిసి ఆమె వేళ్లని ఎప్పుడో గులకరాళ్లలా నున్నగా చేసేశాయి.

"మీకు వేళ్లున్నాయి గానీ ముద్రలు లేవండీ!"

"ఇంతకాలం తెలీక నిజాయితీగా బతికేశాను" అంది ఎర్మెలిందా. అదెలీనో పడీ పడీ నవ్వాడు.

తర్వాత ముఖం చూపించమన్నాడు. టోపీ, గుడ్డ తీస్తే ఫోను గుర్తుపట్టింది, పెట్టుకుంటే పట్టలేదు. "వద్దులే. నా మొగుడు కూడా టోపీ లేకపోతే నన్ను పోల్చుకోలేడు. దీనిది రివర్సు."

అప్పుడామె దుకాణం వెనక చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి నడిచింది. కుళాయిని చుక్కచుక్కగా పడేట్టు తిప్పింది. "ఒక్కోటీ ఇక్కడ పెట్టు" అంది.

అదెలీనో నా వంక చూశాడు. నేను తలూపాను. తొట్టి అంచు మీద ఐదు ఫోన్లు రికార్డింగు నొక్కి వరసగా పెట్టాం. చుక్కలు పడ్డాయి. ఎనిమిదిమందిమి... కాదు, ముగ్గురమే, కానీ ఆ ఫోన్లు కూడా ఊపిరి బిగబట్టి వింటున్నట్టనిపించింది నాకు. బయట చేపల బజారు గోల ఎటో వెళ్లిపోయింది.

తర్వాత ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుంది. మొదటిదాంట్లో చుక్క లేనే లేదు. రెండోదాంట్లో చుక్క ఉంది గానీ రేకు మీద పడ్డట్టుంది. మూడోది మధ్యమధ్య మింగేసింది. నాలుగోది అన్నిటికంటే చౌకది. నల్లది, బరువుది, కెమెరా నాసి అని అదెలీనోయే ఒప్పుకున్నాడు. దాన్ని విని ఆమె తొట్టివైపు తిరిగి చూసింది, కుళాయి ఇంకా కారుతోందా అన్నట్టు. కుళాయి కట్టేసే ఉంది.

"ఇది" అంది. ఐదోది ముట్టుకోలేదు.

"దీంట్లో జాగా తక్కువండీ. నిండిపోతే పాతవి తుడిచెయ్యాలి."

"ఇందులో ఎన్ని ఆటులు పడతాయి?"

అదెలీనో ఆ లెక్క ఎన్నడూ వెయ్యలేదు. పెన్సిలు తీసి, ఒక్కో ఆటూ ఎంతసేపని నన్నడిగి, కాగితం మీద వేశాడు. "రోజూ ఒక గంట పెడితే ఈ శీతాకాలం అంతా పడుతుందండీ. నీళ్లు మళ్లీ వెచ్చబడేదాకా."

"చాలు" అందామె.

ఆ శీతాకాలం కుస్తోదియో మేటల మీదికి వెళ్లకుండానే వెళ్లాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పెరట్లో దుప్పటి కప్పుకుని ఉదయపు ఆటు వినేవాడు. అలల హోరు ఒక చెవిలో, మేటల చిటపట ఇంకో చెవిలో. ఏ రోజు గాలి ఎటు వీచిందో, ఏ పాయ పూడిందో చెప్పేవాడు. ఒక్కోసారి తప్పు చెప్పేవాడు. అప్పుడు ఎర్మెలిందా దిద్దేది కాదు. తిట్టడం మాత్రం మళ్లీ మొదలెట్టాడని, ఒళ్లు బాగుపడుతున్నట్టుందని ఆమె నాతో సంతోషంగా చెప్పింది.

మార్చిలో ఒకరోజు ఆమె ఫోను ఇంట్లో మరిచిపోయి వెళ్లింది. ఆ మర్నాడు తీసుకెళ్లింది.

నేను పొద్దుటి పడవలో ఉన్నాను. పల్చటి మంచు. నీళ్లు దిగి మేటలు వెండిరేకుల్లా తేలాయి. వాటి మీద మడతపెట్టిన బొమ్మల్లా ఏడెనిమిది మంది. ఒక మనిషి మాత్రం నిటారుగా నిలబడి ఉంది. గడ్డి టోపీ. చెయ్యి చెవి దగ్గర. నిలబడితే ఆమె అంత పొడుగని నాకు అప్పటిదాకా తెలియదు. పట్నం వెళ్లి జనాన్ని దించి తిరిగి వచ్చేసరికి కూడా అలాగే నిలబడి ఉంది. మంచు ఆమె మోకాళ్లదాకా వచ్చి, నీళ్ల మీద నిలబడినట్టు కనిపించింది.

సాయంత్రం రేవులో అడిగితే చెప్పింది. ముందురోజు ఫోను ఇంట్లో ఉండిపోయినప్పుడు కుస్తోదియో తనే నొక్కి, వంటింటి బల్ల మీద పెట్టి, గంటసేపు వదిలేశాడట. ఆమెకి చెప్పలేదు. మేటల మీద తన రికార్డింగు పెట్టబోతూ చూసింది.

"ఏముంది అందులో?"

"ఏమీ లేదు. గడియారం. నాలుగుకాళ్ల కర్ర అటూ ఇటూ. కుండ మూత తీసి మళ్లీ పెట్టాడు, రుచి చూసి ఉంటాడు దొంగ. కోడి లోపలికి వస్తే దాంతో ఏదో మాట్లాడాడు. పక్కింటావిడ బట్టలారేస్తూ పాడింది. తర్వాత మా వెనక తలుపు గాలికి కొట్టుకుంది, మెల్లిగా." బుట్ట కింద పెట్టింది. "అరవై ఏళ్లొచ్చాయి ఒతీలియా, నేను లేనప్పుడు నా ఇల్లు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు."

"మొత్తం విన్నావా?"

"మొత్తం విని, మళ్లీ మొదటినుంచి విన్నా. అంతలో నీళ్లు ఎక్కేశాయి."

బుట్టలోకి తొంగి చూశాను. అడుగు కనిపిస్తోంది. ఆ రాత్రి వాళ్లింట్లో మొక్కజొన్న జావలో పద్నాలుగు గుల్లలే తేలాయట. కుస్తోదియో గరిటెతో వెతికి వెతికి, "ఈ పూట ఎక్కడ తిరిగావే?" అన్నాడట.

"ఇంట్లోనే ఉన్నా" అందట ఎర్మెలిందా.