గొడుగు మాస్టారూ, రెండు పైపులూ

రెండు గీతలు పక్కపక్కన కనబడితే చాలు, గొడుగు మాస్టారికి కాలు ముందుకు పడదు. అవి నిజంగా సమాంతరంగా ఉన్నాయో, ఎక్కడో దూరాన కలుసుకునే దురుద్దేశంతో ఉన్నాయో తేల్చుకున్నాకే కదులుతారు. కిటికీ ఊచలైనా, నిచ్చెన కర్రలైనా, ఎదుటి మనిషి చొక్కా చారలైనా సరే, చంకలోని గొడుగు తీసి వాటి మీద ఏటవాలుగా అడ్డం పెడతారు. జేబులోంచి కోణమానిని తీస్తారు. గొడుగు మొదటి గీతతో చేసే కోణమూ, అదే వైపున రెండో గీతతో చేసే కోణమూ ఒకటే అయితే, "సదృశ కోణాలు సమానం. కాబట్టి సమాంతరం!" అని ప్రకటించి పసిపిల్లాడిలా నవ్వుతారు. ఆ గొడుగును విప్పగా చూసినవాళ్ళు లేరు. వాన పడేటప్పుడు అది ఎవరి గేటు మీదో పనిలో ఉంటుంది. మాస్టారు పక్కన తడుస్తుంటారు.

"సరిగ్గానే ఉన్నాయని కంటికి కనబడుతోంది కదా మామయ్యా," అనేది మేనకోడలు.

"కన్ను వట్టి అమాయకురాలమ్మా. ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది."

ఒకసారి సెలూన్లో, రెండు చెంపల మీది జుట్టూ సమాంతరంగా దిగిందో లేదోనని ముక్కు మీదుగా దువ్వెన అడ్డం పెట్టించారు. ఇటు కొంచెం, అటు కొంచెం దిద్దీ దిద్దీ మంగలి కత్తెర కింద పెట్టేశాడు.

"మాస్టారూ, ఇక దిద్దడానికి చెవులే మిగిలాయి!"

పైగా కొలతలో అబద్ధమాడరు. మేనకోడలు ముచ్చటపడి బిగించుకున్న వంటింటి అరలను ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటుంటే, "ఒక డిగ్రీ తేడా ఉంది," అని మొహం మీదే అనేశారు. ఆ పూట ఆయన కాఫీలో పంచదార పడలేదు. ఆయన గమనించనూ లేదు. ట్రే అంచులు చూస్తున్నారు.

ఇలాంటి మనిషి చేతికి తన తండ్రి కాలు చిక్కుతుందని మేనకోడలు కలలో కూడా అనుకోలేదు.

ఆమె తండ్రి బస్సు డ్రైవరు. మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది. "ఇక రోజూ నడవాలి. లేకపోతే కాలు బిగుసుకుపోయి కుర్చీకే అంకితమైపోతారు," అన్నారు డాక్టరు. పట్టుకుని నడవడానికి వీలుగా కూతురు హాల్లో నడుమెత్తున రెండు ఇనప పైపులు పెట్టించింది. కొండ మలుపుల్లో బస్సు తిప్పిన మనిషి, వాటి మధ్యకు రమ్మంటే మాత్రం, "రేపు చూద్దాంలే," అనేవాడు. మళ్ళీ పడతానని భయం. ఆ మాట మాత్రం నోటివెంట రాదు.

"స్వామీ, నాన్న చేత ఒక్క అడుగు వేయించు," అని కూతురు మొక్కుకుంది.

స్వామి గొడుగును పంపాడు.

"బావా, ఈ పైపులు సమాంతరంగా లేవు," అన్నారు మాస్టారు గుమ్మంలోంచే.

"నీ మొహం! వెల్డరు టేపు పెట్టి మరీ బిగించాడు."

"టేపు సంగతి వేరు, కోణం సంగతి వేరు. గొడుగు జారిపోతోంది, లేచి ఆ కొస పట్టుకో."

డ్రైవరు విసుక్కుంటూ లేచి పైపుల మధ్య నిలబడ్డాడు. మాస్టారు అతని వెనక చేరారు. "ఇటు అరవై... అటు అరవై ఒకటి! పోనుపోను దగ్గరవుతున్నాయి బావా. సగం దూరంలో నీ పొట్ట ఇరుక్కుంటుంది."

"నా పొట్ట జోలికి రాకు!"

"అయితే గొడుగు ముందుకు జరిపి రుజువు చెయ్యి."

డ్రైవరు పళ్ళు కొరుకుతూ గొడుగు జరిపాడు. దాంతోపాటు తనూ జరిగాడు.

మర్నాడూ అదే గొడవ. ఆ మర్నాడూ అదే. కూతురికి ఒళ్ళు మండింది. నిజంగానే వంకరైతే పైపులు ఊడదీయించాలి, అన్నాళ్ళూ నాన్న కుర్చీలోనే.

"ఒక్కచోట కోణాలు సమానమో కాదో చూస్తే తేలిపోతుందని బళ్ళో నువ్వే కదా మామయ్యా నేర్పావు? ఇన్నిచోట్ల కొలవడం దేనికి?"

"ఇనుము కదమ్మా..." అని నీళ్ళు నమిలారు మాస్టారు. నీళ్ళు నమలడం ఆయన వంశంలోనే లేదు.

అనుమానం వచ్చి, బావలిద్దరూ భోజనం చేస్తుండగా ఆమే గొడుగు పెట్టి కొలిచింది. ఇటు అరవై. అటు అరవై. నిక్షేపంలా సమాంతరం! సాయంత్రం మామయ్యను కడిగేద్దామని హాల్లోకి వచ్చి, ఠక్కున ఆగిపోయింది.

నాన్న పైపుల నడిమధ్యన ఉన్నాడు. రెండు చేతులతోనూ గొడుగు పట్టుకున్నాడు. పైపుల్ని అసలు ముట్టుకోలేదు. పోట్లాడుతూ నడిచేస్తున్నాడు. వెనక మాస్టారి కోణమానిని జేబులోనే ఉంది. ఆయన కళ్ళు బావ పాదాల మీద ఉన్నాయి. చెయ్యి బావ నడుము వెనక, తగలకుండా, అతనితోపాటే కదులుతోంది.

"అరవై ఒకటి," అన్నారు దేన్నీ చూడకుండానే.

మేనకోడలు గొంతు సవరించుకుంది. "అవును నాన్నా, నాకూ తేడాగానే ఉంది. ఆ చివర మరీనూ."

"నువ్వూ వీడి పార్టీయేనా! ఉండండి, ఆ వెల్డర్నే పిలిచి మీ ఇద్దరి నోళ్ళూ మూయిస్తా!"

గొడుగు నేలకానించుకుంటూ డ్రైవరు పైపులు దాటాడు, గుమ్మం దాటాడు, చెప్పులైనా వేసుకోకుండా ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపుకు బయల్దేరాడు.

మాస్టారు వెనకే వెళ్ళబోయి, ఒక్క క్షణం ఆగారు. "అబద్ధమాడానమ్మా, ఒక డిగ్రీ. నా దగ్గర చదువుకున్నవాళ్ళకు తెలియనివ్వకు."

"దేవుడికి తెలిసిపోయిందిగా మామయ్యా?"

"ఆయనకు రోజూ నేనే చెప్పుకుంటున్నాను. ఇంతవరకు ఏమీ అనలేదు."

ఇంతలో వీధిలోంచి కేక. "బావా! వీడి షట్టరు పట్టాలు చూడు, ఏదెటు పోతోందో! ఇక్కడ గొడుగు పెట్టి పట్టుకున్నాను, ఆ కోణమానిని పట్టుకురా!"

మాస్టారు జేబు తడుముకుంటూ పరుగెత్తారు.