నాన్నగారిని పక్కకు తిప్పడం

నా చిన్నప్పుడు, మామిడికోతల రోజుల్లో, మా నాన్నగారు చెట్టు మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నారు. పిల్లలకు సైన్సు ట్యూషన్ చెప్పుకునే మనిషి, మా కొద్దిపాటి తోటలో పై కొమ్మ కాయలు తనే కోస్తానని ఎక్కారు. నడుము కింద స్పర్శ పోయింది. ఇక లేవరని డాక్టరుగారు చెప్పేశారు. అమ్మ నూజివీడు మార్కెట్లో కాయలు ఏరి పెట్టెలకెత్తే పనికి కుదిరింది. ఆయన్ను చూసుకోవడానికి నన్ను బడి మానిపించారు.

"రెండు గంటలకోసారి నాన్నని పక్కకి తిప్పమ్మా. ఒకే వైపు ఉంటే ఒళ్ళు పుండు పడుద్దంట" అని చెప్పి అమ్మ పొద్దున్నే ఆటో ఎక్కేది.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఎంత తోసినా ఆయన కదిలేవారు కాదు. నున్నటి గచ్చు మీద నా కాళ్ళే వెనక్కి జారిపోయేవి. సాయంత్రం అమ్మ అడిగితే తిప్పానని చెప్పేదాన్ని. నాన్నగారు వింటూ ఊరుకునేవారు. దేవుడి పటం ముందు కూర్చుని, ఆయన్ను లేపమని మాత్రం రోజూ వేడుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన నడుము దగ్గర దుప్పటి తడిగా తగిలింది. పుండు పడింది. మంచం పక్కన కూలబడి ఏడ్చాను. నాన్నగారు కాసేపు ఏడవనిచ్చి, ట్యూషన్లో పిల్లల్ని అడిగినట్టే అడిగారు. "నువ్వు తోస్తుంటే నేనేం చేస్తున్నాను?"

"ఏం చేయట్లేదు నాన్నా. పడుకునున్నారు."

"కాదమ్మలూ. నువ్వెంత తోస్తే అంత నేనూ నిన్ను వెనక్కి తోస్తున్నా. గచ్చు నీ కాళ్ళని పట్టి ఉంచట్లేదు, అందుకే జారుతున్నావు. పట్టి ఉంచేదేదో చూసుకో. వెనక గోడుందిగా."

మడమలు గోడకు తన్నిపెట్టి, చేతులు ఆయన భుజం కింద, నడుము కింద పెట్టి తోశాను. ఆయన తిరిగారు.

"చూశావా, గోడ నిన్ను తోసింది. నువ్వు నన్ను తోశావు" అన్నారు, ముఖం అటువైపు ఉండగానే.

అప్పట్నుంచి ఒక్క వేళ తప్పలేదు. నా చదువంతా ఆ మంచం పక్కనే సాగింది. పుండు మాత్రం మానలేదు. లోలోపలికి పోయి జ్వరం తెచ్చింది. వానలు వెనకబట్టకముందే ఆయన వెళ్ళిపోయారు. అంత జాగ్రత్తగా తిప్పినా పుండు ఎందుకు పడిందోనని అమ్మ చాలా ఏళ్ళు అనుకుంటూనే ఉంది. ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు అమ్మా లేదు.

ఆ మధ్యాహ్నం నన్ను ఒక్క మాట అనకుండా పాఠం చెప్పిన తండ్రినిచ్చినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. క్షమించమని అడగాల్సిన ఇద్దరూ లేరు. దేవుణ్ణి అడగడానికి నాకు నోరు రాదు.